అల్లుడు ఎక్కని మూడో మెట్టు

మొగిలికి ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే పదకొండేళ్లుగా అతని ఉద్యోగం ఈతకొలను కడగడం. మూడడుగుల లోతు దాటి ఒక్కనాడు కూడా లోపలికి దిగలేదు. ఆ పైన ఉన్న లోతంతా గట్టు మీద నిలబడి పొడుగాటి కర్రకు బ్రష్షు కట్టి తోముతాడు. "నీళ్ల పని చేస్తూ ఈత రాకపోవడమేమిటయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఎనుమాముల మార్కెట్ల ఇరవై ఏండ్లు మిర్చి బస్తాలు మోసిన సార్. మిర్చి కుప్పలల్ల పడి పొర్లిన్నా?" అన్నాడు.

నేను రిటైరైన బాటనీ లెక్చరర్ని. ఇల్లు మట్టెవాడలో. మోకాళ్లు అరిగిపోయాయి, రోజూ అరగంట నడుము లోతు నీళ్లలో నడవండి అని డాక్టరు చెప్పాడు. మట్టెవాడలో నడుము లోతు నీళ్లు పెద్ద వాన పడ్డప్పుడే ఉంటాయి, అవీ నడవదగ్గవి కావు. అందుకని ఖమ్మం రోడ్డులో ఉన్న రమాకాంత్ గార్డెన్స్‌కు పోవడం మొదలుపెట్టాను. పేరుకే గార్డెన్స్, అసలుకు అదొక ఫంక్షన్ హాలు. వెనకవైపు నీలం పలకలు పరిచిన ఈతకొలను ఉంది. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మాలాంటి ముసలి బ్యాచికి అందులో ప్రవేశం. నాతోపాటు మట్టెవాడ టైలరు జహీరుద్దీన్ భాయ్ వస్తాడు. ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. మిగతావాళ్లు ఒక రోజు వస్తే నాలుగు రోజులు రారు.

ఆ కొలనులోకి దిగడానికి నాలుగు మెట్లు. మెట్లు దిగాక మూడడుగుల లోతు కొంతదూరం చదునుగా ఉంటుంది. అక్కడి నుంచి నేల వాలుగా జారుతూ ఏడున్నర అడుగుల లోతుకు పోతుంది. మూడో మెట్టు ఎడమ మూల పలక అంచు విరిగింది. పాచికి పుట్టిల్లు అదే. మొగిలి రోజూ తెల్లవారకముందే వచ్చి, లుంగీ ఎగగట్టి, కొబ్బరి పీచుతో నాలుగు మెట్లూ రుద్ది, ఆఖరున మూడో మెట్టు మూలను బొటనవేలితో రాసి చూసేవాడు. వేలు కిర్రుమంటే సరే. జర్రుమంటే మళ్లీ మొదటి నుంచి.

"కనబడనే కనబడదు కదయ్యా, ఏముందని రుద్దుతావు?" అనేవాణ్ని నేను.

"గది ముందు జారుతది సార్, తర్వాత కనవడ్తది. కనవడేదాక ఆగితే ఎవలదో ఒకల కాలు ఇరుగుతది" అనేవాడు.

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను కాలేజీలో శైవలాల పాఠం చెప్పాను. శైవలాలంటే పాచే, పుస్తకాల్లో దానికి ఆ మర్యాద. బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మలు వేసేవాణ్ని. అది ముందు జారుతుందనీ తరువాత కనబడుతుందనీ ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఏ పిల్లవాడికీ చెప్పలేదు.

గార్డెన్స్ యజమాని రమాకాంత్ సేటు అసలు మిర్చి అడ్తిదారు, అంటే రైతుల సరుకు కొని అమ్మే వ్యాపారి. మొగిలి ఆయన అడ్తి దుకాణంలోనే హమాలీగా ఉండేవాడు. నడుము పట్టేశాక ఆయనే తీసుకొచ్చి ఇక్కడ పెట్టాడు. సేటు మనిషి చెడ్డవాడేమీ కాదు, కానీ మచ్చు చూడందే దేన్నీ నమ్మడు. మార్కెట్లో బస్తా పైన మంచి కాయ, అడుగున తాలు కాయ పెట్టే రైతులను పట్టుకుని పట్టుకుని ఆయనకు అదే చూపు అలవాటైంది. పెళ్లి వంటవాణ్ని మాట్లాడాలన్నా గిన్నె అడుగు నుంచి గరిటెతో తీయించి రుచి చూస్తాడు.

ఆ సేటు ఫోన్లో ఎక్కడో ఒక మిషన్ చూశాడు. నీళ్లలో వదిలితే దానంతటదే కొలనంతా తిరిగి, తోమి, మురికిని కడుపులో నింపుకుని వస్తుందట. హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేసి మచ్చు చూపించమన్నాడు. వాళ్లు వారం తర్వాత వస్తామన్నారు. సేటు మొగిలిని పిలిచాడు. ఆ సమయానికి నేను తువాలుతో తల తుడుచుకుంటూ అక్కడే ఉన్నాను.

"మొగిలీ, గా నీళ్లు వారం రోజులు ముట్టకు. బ్లీచింగ్ ఎయ్యకు, తోమకు. పాకురు పట్టనీ. మిషన్ ఎంత పని జేస్తదో గప్పుడే తెలుస్తది. మంచిగ జేస్తే కొంట. నువ్వు గేటు కాడ కూసో, నీకూ ఆరామ్."

"నీళ్లు ఖరాబైతయి సేటు."

"ఖరాబ్ గావాల్ననే చెప్తాన్న."

మొగిలి నా వైపు చూశాడు. నేను చెవిలో నీళ్లు పోయాయన్నట్టు తల పక్కకు వంచి గెంతాను. పెద్దల మాటల మధ్యలోకి పోకపోవడం నా అలవాటు. ఈ అలవాటు గురించి మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఆ వారం మాకు సెలవు. తరువాత జరిగింది నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు, మీకు మాత్రం ఇప్పుడే చెప్తాను. మొగిలి మొదటి మూడు రోజులు కొలనుకు వీపు పెట్టి కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. నాలుగో రోజు సేటు వచ్చి చూసి, మెట్ల మీద ఆకుపచ్చ పొర కనబడేసరికి "భేష్" అని మెచ్చుకుని పోయాడు. పని చేయనందుకు మొగిలికి వచ్చిన మొదటి మెప్పు అది. ఆ రోజు అన్నం సహించలేదట. ఐదో రోజు మెట్లు, వాలు, గోడలు అన్నీ ఒకటే పచ్చన. ఆరో రోజు మధ్యాహ్నం అతని భార్య యాకమ్మ సద్దిగిన్నె తీసుకుని వచ్చి, నీళ్లు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"రేపు పట్నం నుంచి మనుషులొస్తాన్రంటివి. ఇదా సూపెట్టేది? మీ అమ్మ ఉంటే సూడలేక సచ్చు."

అక్కడ వచ్చింది చిక్కు. మొగిలి వాళ్ల ఇంట్లో చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గు పెట్టాల్సిందే. వచ్చేవాడు అప్పులవాడైనా సరే, పోలీసైనా సరే. మురికి ఇంట్లోకి కొత్త మనిషిని పిలవడమంటే మొహం మీద ఉమ్మేసినంత అవమానం. వచ్చేది తన నౌకరీ ఊడబెరికే మిషనని మొగిలికి తెలుసు. అయినా వచ్చేది చుట్టమే కదా.

అంతే, లుంగీ ఎగగట్టాడు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా మెట్లు రుద్దాడు. గోడలు తోమాడు. వాలు మీద పాచిని కర్ర బ్రష్షుతో చెక్కినట్టు చెక్కాడు. బ్లీచింగ్ వేసి, పటిక వేసి, నీళ్లు తేరుకోవడానికి వదిలేశాడు. తెల్లవారేసరికి లేచిన మురికంతా నేలకు దిగి, పైన నీళ్లు అద్దంలా నిలిచాయి. ఇక ఆ నేల మీది మట్టిని తీసేయడం ఒక్కటే మిగిలింది. దాన్నీ తీసేద్దామనుకున్నాడట. తరువాత, వచ్చిన చుట్టానికి చేయడానికి పనేమీ లేకపోతే చిన్నబుచ్చుకుంటుందని వదిలేశాడు. పైగా నాలుగు వేపాకులు కూడా ఏరుకొచ్చి లోపల వేశాడు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ కుర్రాడు రాకేష్ మిషన్‌తో దిగాడు. టై కట్టుకున్నాడు, పెద్ద తాబేలంత వెడల్పున్న మిషన్‌ను రెండు చేతులతో పసిబిడ్డలా ఎత్తుకున్నాడు. అది నీలం రంగు వైరు ఒకటి లాక్కుంటూ నీళ్లలో మునిగి, నేల మీద బరబరా పాకింది. ఆకులు మింగింది. అడుగున దిగిన మట్టి మింగింది. వాలు దిగింది, వాలు ఎక్కింది. గోడ మీదికి కూడా ఒక గజం ఎగబాకి, చుట్టూ చూసి, దిగింది. మెట్ల దాకా వచ్చి, అన్నిటికంటే కింది మెట్టుకు ముక్కు ఆనించి, ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగింది. మెట్లు ఎటూ మెరుస్తున్నాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నేనూ జహీర్ భాయ్ ఎనిమిదింటికి వెళ్లాం. సేటు మార్కెట్ చూసుకుని తొమ్మిదింటికి వచ్చాడు. రావడమే నోరు తెరిచాడు. తన కళ్లతో చూసిన పచ్చటి కొలను నీలంగా తళతళలాడుతోంది.

"మెట్లు గూడ ఇదే జేసిందా?" అని రాకేష్‌ను అడిగాడు.

రాకేష్ నిజాయితీపరుడే. ముందు రోజు కొలను ఎట్లా ఉందో అతనికి తెలియదు. "మా మెషీన్ అన్ని సర్ఫేసులూ చేస్తుంది సార్" అని పుస్తకంలో ఉన్నది చెప్పాడు. తరువాత సేటు చెప్పిన పాచి వర్ణన విని, తన మిషన్ వైపు తనే కొత్తగా చూశాడు. అంత గొప్పదని అతనికీ ఇప్పుడే తెలిసినట్టుంది.

సేటు మెట్ల దగ్గర వంగి, చేత్తో రాసి, గిన్నె అడుగు గీకినట్టు గోరుతో గీకి చూశాడు. "సార్, మీరు సైన్స్ సార్ గదా, జర చెప్పుండ్రి" అని నన్ను ముందుకు తోశాడు.

ఎవరైనా నన్ను సైన్స్ సారంటే నాకు ఒళ్లు తెలియదు. ప్యాంటు మడిచి మూడో మెట్టు దాకా దిగాను. శైవలాలు అంటే ఏమిటో, వాటికి వేళ్లు ఎందుకుండవో, గరుకు తలాన్ని అవి ఎట్లా పట్టుకుంటాయో చెప్పి, వాటిని ఇంత పూర్తిగా తొలగించడం మనిషి చేతికి సాధ్యం కాదని తీర్పిచ్చాను. రాకేష్ ఇదంతా ఫోన్లో వీడియో తీశాడు. మొగిలి ఆ వెనకే తువాలు మెడలో వేసుకుని నిలబడి వింటున్నాడు. అతని వేళ్ల చివర్లు బ్లీచింగ్‌కు ఉబ్బి తెల్లగా ఉన్నాయి. అది నేను చూశాను. చూసి, ఇతనికి ఇక చేతులు బాగుపడతాయి అనుకున్నాను.

మొగిలి నోరు విప్పలేదు. ఎట్లా విప్పుతాడు? ముట్టుకోవద్దని సేటు చెప్పాడు, ముట్టుకున్నాడు. చెబితే మాట వినని దోషం, చెప్పకపోతే నౌకరీకే ఎసరు.

మిషన్ కొన్నారు. కొబ్బరికాయ కొట్టి, దానికి బొట్టు పెట్టి, రెండు పక్కలా నిమ్మకాయలు పెట్టి నీళ్లలోకి దింపారు. జహీర్ భాయ్ దానికి 'అల్లుడు' అని పేరు పెట్టాడు. "చూడండి సార్, వస్తడు, నాలుగు చక్కర్లు కొడ్తడు, కడుపు నింపుకుంటడు, ఎండకు పడుకుంటడు. మనందరం చుట్టూ నిలబడి మురుస్తం. అల్లుడు కాకుంటే ఏంది?" అన్నాడు. ఆ పేరు నిలిచిపోయింది. అల్లుడి స్విచ్చు వేయడం, తీయడం గార్డెన్స్ కరెంటు పని చూసే యాదగిరికి అప్పజెప్పారు. మొగిలికి ఖాకీ చొక్కా, ఒక విజిల్ ఇచ్చి గేటు దగ్గర కుర్చీ వేశారు. అది కూడా ఎన్నాళ్లో లేదు. ఏప్రిల్ ఒకటి నుంచి గేటును సెక్యూరిటీ ఏజెన్సీకి ఇస్తున్నానని సేటు చెప్పేశాడు. ఆ తరువాత నడుము పట్టిన యాభై ఆరేళ్ల మనిషిని ఎవరు పిలుస్తారు?

ఇటు నా వీడియో ఊరంతా తిరిగింది. ఎప్పటెప్పటి శిష్యులో ఫోన్ చేసి "సార్, మీ పాఠం మళ్లీ విన్నాం" అన్నారు. పాలప్యాకెట్ల దుకాణతను నన్ను 'పూల్ సార్' అని పిలవడం మొదలుపెట్టాడు. పైకి విసుక్కున్నాను గానీ, ఆ వారం పాలప్యాకెట్టు రెండుసార్లు నేనే వెళ్లి తెచ్చాను.

మూడు వారాలు గడిచాయి. మెట్లు అట్లాగే మెరుస్తున్నాయి. ఒక రోజు దోమలకు నిద్ర పట్టక, ఐదింటికే స్కూటర్ తీసి గార్డెన్స్‌కు వెళ్లాను. గేటు దగ్గర కుర్చీ ఖాళీ. లోపలికి వెళ్తే, మెట్ల మీద ఒక మనిషి. ఖాకీ చొక్కా విప్పి గట్టు మీద మడతపెట్టి, రెండో మెట్టు మీద నిలబడి, మూడో మెట్టును పీచుతో రుద్దుతున్నాడు. ఆఖరున బొటనవేలితో రాశాడు. కిర్రుమంది.

"మొగిలీ!"

ఉలిక్కిపడి విజిల్ నీళ్లలో పడేసుకున్నాడు. "సార్, మీ కాళ్లు మొక్కుత, ఎవలకు చెప్పకుండ్రి" అన్నాడు.

అప్పుడు చెప్పాడు మొత్తం. వాకిలి ఊడ్చిన సంగతి, వేపాకుల సంగతి.

"అల్లుడు చెడ్డోడు కాదు సార్. సాపు జాగ మంచిగ ఊడుస్తడు, నాకంటె మంచిగ. నేను దిగని లోతుల గూడ దిగుతడు. గని మెట్టు ఎక్కరాదు. ముక్కు ఆనిచ్చి ఎనుకకు మర్రుతడు. వాలు పొడిగుంటె, అంటే పాకురు లేకుంటె, ఎక్కుతడు. జర పాకురు పట్టిందా, చక్రాలు గిర్రున తిరుగుతయి, ఆడ్నే జారుతడు. ఇగ పాకురు తోముమంటే కొంచెం చెరుపుతడు, మిగిలింది నీళ్లల్ల కలుపుతడు. లోపల మురికి పట్టే జాలి మూసుకపోతది. మల్ల నేనే కడుగుత."

"నిన్ను తీసేసిన మిషన్‌కు నువ్వు చాకిరీ చేస్తున్నావా? రేపటి నుంచి మానెయ్. నాలుగు రోజుల్లో దాని బండారం బయటపడుతుంది."

మొగిలి నా మోకాళ్ల వైపు చూశాడు. "పొద్దుగాల అందరికంటె ముందు దిగేది మీరు సార్. తర్వాత జహీర్ భాయ్, గుండె ఆపరేషన్ మనిషి. ఎట్ల మానాలె?"

నిజం చెప్పేస్తున్నాను, ఆ క్షణం సేటు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాలనే అనుకున్నాను. బయటికొచ్చి స్కూటర్ ఎక్కాక మాత్రం వీడియో గుర్తొచ్చింది. 'మనిషి చేతికి సాధ్యం కాదు' అని నేను ఇచ్చిన తీర్పు, అదీ మనిషి చేతులు తోమిన మెట్టు మీద నిలబడి. శిష్యులేమంటారు? పాలప్యాకెట్ల దుకాణతను ఏమంటాడు? కాబట్టి నేను చెప్పకుండా, పాచే వచ్చి చెప్పేటట్టు చేయాలి. దానికి మొగిలి ఊళ్లో లేకుండా పోవాలి.

నేరుగా యాకమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె వాకిట్లో పెసలు చెరుగుతోంది. విషయం చెప్పగానే చాట పక్కన పెట్టింది.

"నాకెర్కే సారు. ఇంట్ల చీపురు ముట్టడు, ఆడ మాత్రం అద్దం లెక్క తోముతడు. నన్ను గా మెట్టు లెక్క ఒక్కనాడన్న సూసిండా? ఏప్రిల్ వస్తాంది, ఆయినకు ఫికర్ లేదు. మీరేం జెయ్యమంటె గది జేస్త."

ఆమె తమ్ముడికి వర్ధన్నపేట దగ్గర మిర్చి తోట ఉంది. ఆఖరు కోత, కూలీలు దొరకడం లేదు. మర్నాడే ఆమె తమ్ముడికి నడుము పట్టిందని ఒక మాట పుట్టించి, మొగిలిని పది రోజులకు లాక్కుపోయింది. పోతూ పోతూ మొగిలి నా దగ్గరికొచ్చి, "మూడో మెట్టు జర సూస్తాండుండ్రి సార్" అని చెప్పిపోయాడు.

చూస్తూనే ఉన్నాను. రోజూ వెళ్లి గట్టు మీద కూర్చుని చూశాను, నీళ్లలోకి మాత్రం దిగలేదు. జలుబన్నాను. జహీర్ భాయ్‌తో నీళ్లలో ఏదో పురుగుందని చెప్పి ఆయననూ ఆపాను. సైన్స్ సార్ మాట కదా, నమ్మాడు. మమ్మల్ని చూసి మిగతా వాళ్లూ దిగడం మానేశారు.

నాలుగో రోజు మెట్ల మీద ఏమీ కనబడలేదు. అంటే జారుతోందన్నమాట. ఆరో రోజు మూల పచ్చబడింది. ఎనిమిదో రోజు అల్లుడు వాలు ఎక్కలేక సగం దాకా వచ్చి, చక్రాలు గిర్రున తిప్పి, వెనక్కి జారి, మళ్లీ వచ్చి, మళ్లీ జారాడు. యాదగిరి గట్టు మీద నుంచి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఎద్దును అదిలించినట్టు అదిలించాడు. బయటికి తీసి చూస్తే జాలి మీద పచ్చటి లేహ్యం. యాదగిరి దాన్ని గట్టు మీద రెండు దెబ్బలు దులిపి మళ్లీ లోపల పెట్టాడు. నాకు లోపల లోపల పండగలా ఉంది. ఇంకో రెండు రోజుల్లో సేటు కంట్లో పడుతుంది, అంతే.

తొమ్మిదో రోజు ఒక హల్దీ ఫంక్షన్ వచ్చింది. కొలను చుట్టూ పసుపు పచ్చ గుడ్డలు, బంతిపూల దండలు. నీళ్లలో కూడా బంతిపూలు పోసేసరికి పాచి కింద దాగిపోయింది. పెళ్లికూతురు నాయనమ్మ వెండి గిన్నె పట్టుకుని నీళ్ల దగ్గరికి వచ్చింది. మెట్టు దిగి గిన్నెతో నీళ్లు ముంచుతుంటే బాగుంటుందని ఫోటోగ్రాఫర్ అన్నాడు. రోజూలాగే మెట్టు చూడ్డానికి వచ్చిన నేను ఆ పక్కనే, వాళ్లు పెట్టిన జిలేబీ తింటున్నాను. "అమ్మా, దిగొద్దు" అనడానికి నోరు తెరిచాను. అంటే ఎందుకని అడుగుతారు. నాకు తెలుసని తెలుస్తుంది. ఎంతసేపు ఆగానో చెప్పలేను, రెండు క్షణాలో మూడో.

ఆలోపు సేటు, "ఆగుండ్రమ్మా, ముందుగాల నేను దిగి చెయ్యి పట్టుకుంట" అని తెల్ల పట్టుపంచె ఎగదోపుకుని మర్యాదగా దిగాడు. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. అంతే. సేటు కూర్చున్న భంగిమలోనే నాలుగో మెట్టు దిగి, మూడడుగుల నేల మీద సాగి, వాలు మీదికి వచ్చి, వేగం పుంజుకుని, బంతిపూలను రెండు పక్కలకు చీల్చుకుంటూ ఏడున్నర అడుగులలోకి వెళ్లిపోయాడు. సన్నాయి వాయించేవాళ్లు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జోరు పెంచారు.

సేటుకూ ఈత రాదని అప్పుడే తెలిసింది. మునిగిన చోట చేతికి దొరికింది, యాదగిరి బయటికి తీయడం మరిచిపోయిన అల్లుడి నీలం వైరు. అదృష్టం కొద్దీ ప్లగ్గు తీసి ఉంది. యాదగిరీ వంటవాళ్లూ ఆ వైరు పట్టుకుని లాగితే ముందు సేటు వచ్చాడు, ఆయన వెనకే అల్లుడు వచ్చాడు. అల్లుడి మీద ఒక బంతిపూల దండ పడి ఉంది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత సేటు కుడి మణికట్టు వేలాడుతోందని చూశాను. ఇంకొక్క నిమిషమైతే ఆ మెట్టు మీద డెబ్బై ఎనిమిదేళ్ల ముసలమ్మ కాలు ఉండేది.

దవాఖానలో సేటు చేతికి కట్టు వేశారు. మొగిలి ఊళ్లో లేని రోజుల్లోనే పాచి పట్టిందని సేటు లెక్క కట్టాడు, కట్టు ఆరకముందే వర్ధన్నపేటకు ఫోన్ పోయింది. మర్నాడు పొద్దున మొగిలి వచ్చి కొలను ముందు నిలబడ్డాడు. మిర్చి ఘాటుకు కళ్లు ముందే ఎర్రగా ఉన్నాయి కాబట్టి ఏడుస్తున్నాడా లేదా నేను చెప్పలేను.

సేటు కుర్చీలో కూర్చుని, కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని అడిగాడు. "నిజం చెప్పు. మచ్చు నాడు మెట్లు ఎవలు కడిగిన్రు?"

"నేనే సేటు. ముట్టద్దంటిరి, ముట్టిన. తప్పయింది. కొత్తోళ్లొస్తాన్రు, ఇల్లు గట్ల ఉంటె మంచిగుండదని..."

సేటు కట్టు చేతిని చూసుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది బస్తా అడుగు సూడంది ఒక్క కాయ కొనలే నేను" అన్నాడు. "గీ ఒక్కటే పైన సూసి కొన్న." గేటు ఏజెన్సీ గేటు చూసుకుంటుందనీ, కొలను మొగిలిదేననీ, అల్లుడు ఇక మొగిలి కింద పని చేస్తాడనీ చెప్పి, యాదగిరి భుజం పట్టుకుని లేచి వెళ్లాడు.

మొగిలి లుంగీ ఎగగట్టి మెట్ల దగ్గర కూర్చున్నాడు. నాకు సంతోషం ఆగలేదు. పక్కనే గట్టు మీద కూర్చుని, "చూశావా మొగిలీ, అంతా నా ఉపాయమే. నిన్ను వర్ధన్నపేట పంపింది కూడా నేనే" అన్నాను.

పీచు ఆగింది.

"అంటే పాకురు పడ్తదని మీకు ఎర్కనా సార్?"

"ఎరుకే. అందుకే కదా..."

"మరి మీరు దిగలే?"

"లేదు."

"జహీర్ భాయ్?"

"ఆయనను ఆపాను."

"సేటు దిగుతాంటె, గా ముసలవ్వ దిగుతాంటె?"

మొగిలి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని. పీచు ముంచి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు, నేను అక్కడ లేనట్టు. ఆ సాయంత్రం నేను సేటు ఇంటికి వెళ్లి, మచ్చు నాడు మొగిలి చేతులు చూసిన సంగతీ, మూడు వారాలకే నిజం తెలిసిన సంగతీ, జిలేబీ సంగతీ చెప్పేశాను. సేటు ఎడమ చేత్తో టీ తాగుతూ విన్నాడు. "వీడియో తీసెయ్యమని గా కంపెనీ పోరనికి చెప్పుండ్రి సార్" అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఐదింటికే గార్డెన్స్‌కు వెళ్లాను. మొగిలి మెట్ల మీద ఉన్నాడు. మిగతావన్నీ మెరుస్తున్నాయి, మూడోది ఒక్కటే ఇంకా పచ్చగా ఉంది. అల్లుడు లోతులో తన మానాన తాను తిరుగుతున్నాడు. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. దిగమంటాడో వద్దంటాడో తెలియలేదు. మొగిలి నన్ను చూసి, పక్కనున్న ఇంకో పీచు ముక్క తీసి చేతికిచ్చాడు.

"మూడోది మీది సార్."

ప్యాంటు మడిచి దిగాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. పదిహేను నిమిషాలు రుద్దాను. చేతికి తగిలింది మెత్తగా, చల్లగా, జిగురుగా. ముప్పై ఒక్క ఏళ్లు రంగు సుద్దలతో గీసిన దాన్ని మొదటిసారి చేత్తో ముట్టుకున్నాను. ఇక చాలనిపించి లేచి నిలబడ్డాను. మొగిలి వంగి, విరిగిన పలక మూలను బొటనవేలితో రాశాడు. జర్రుమంది.

"మూల మిగిలింది సార్" అన్నాడు. మళ్లీ కూర్చుని రుద్దాను.